హామ్ హౌస్ ముందు నది దారి: డ్యూక్ వేయించాడా, పడవలవాళ్లు తొక్కారా?

పటాల_పిచ్చి
రిచ్‌మండ్ వంతెన దగ్గర గట్టు దిగి, థేమ్స్‌ని కుడిచేతి పక్కన పెట్టుకుని ఎగువకి ఒకటిన్నర మైళ్లు నడిస్తే హామ్ హౌస్ అనే 17వ శతాబ్దపు పెద్ద భవంతి వస్తుంది. లండన్‌లో ఉన్న మనవాళ్ల వారాంతపు నడకల్లో ఇది మామూలుగా ఉండేదే. గొడవల్లా గ్రూపుల్లో తిరిగే ఒక పీడీఎఫ్ గైడుతో. "17వ శతాబ్దంలో లాడర్‌డేల్ డ్యూక్ భార్య షికారు కోసం వేయించిన నదీ విహార మార్గం" అని రాశారు అందులో. ఆ వాక్యమే ఇప్పుడు పది చోట్ల కాపీ అయి కూర్చుంది. డ్యూక్ గారు భార్య కోసం వేయిస్తే, అదే దారి పట్నీ నుంచి కింగ్‌స్టన్ దాకా తెగకుండా ఎందుకుంది? ఇంటికీ నదికీ మధ్య గోడ ఎందుకు లేదు? అంత ఖరీదైన తీరంలో అపార్ట్‌మెంట్లు ఎందుకు లేవలేదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గట్టు_గోపన్న
రెండు వేర్వేరు దారుల్ని ఒకటి చేసేశారు ఆ గైడువాళ్లు. ఇంటి ఆవరణలో, దాని చుట్టూ ఉన్న చెట్ల వరసలు డ్యూక్ కాలానివే. నది అంచున మీరు నడిచేది మాత్రం టోపాత్, అంటే బార్జీలకి (సరుకు పడవలకి) తాడు కట్టి ఎగువకి లాగడానికి వాడిన దారి. మొదట్లో మనుషులే గుంపులుగా లాగేవాళ్లు. గుర్రాలు నడిచే సరైన దారి 18వ శతాబ్దం చివర్లో, 1770ల చట్టాల తర్వాత, లండన్ సిటీ కార్పొరేషన్ వేయించింది. అప్పట్లో స్టేన్స్ దాకా నది మీద పెత్తనం దానిదే. అంతకు ముందు తీరంలో ఎవరి భూమి మీదుగా లాగితే వాళ్లకి సుంకం కట్టాల్సి వచ్చేది.

పట్నీ నుంచి కింగ్‌స్టన్ దాకా టోపాత్ సర్రే ఒడ్డునే, అంటే హామ్ హౌస్ ఉన్న వైపే, ఉంటుంది. కింగ్‌స్టన్ వంతెన దగ్గర అవతలి ఒడ్డుకి మారి, హాంప్టన్ కోర్ట్ దగ్గర మళ్లీ ఇవతలికి వస్తుంది. షికారు దారి అయితే ఇలా ఒడ్లు మారాల్సిన పనేముంది? గుర్రానికి ఎటు వీలైతే అటు వేశారు.

రాణీ_రాచకొండ
గోపన్న గారి మాట సగమే ఒప్పుకుంటా. 17వ శతాబ్దంలో అక్కడ నది పక్క నడక అనేదే లేదన్నట్టు అర్థం వస్తోంది మీ పోస్టులో. ఆ కాలపు రచయిత జాన్ ఎవెలిన్ డైరీలో 1678 ఆగస్టు 27న హామ్ హౌస్ చూసినట్టు ఉంది. పూలమడులు, ఆరెంజరీలు, తోపులు, చెట్ల బాటలు, విగ్రహాలు, ఫౌంటెన్లు, పక్షుల పంజరాలు అన్నీ వరసపెట్టి, ఇదంతా లోకంలోకెల్లా మధురమైన నది ఒడ్డున ఉందంటాడు. ఇంటి దగ్గర నదివైపు చెట్ల నీడలో 'మెలాంకలీ వాక్' అనే బాట కూడా ఉండేది. గైడువాళ్లు బహుశా దాన్ని పట్టుకుని టోపాత్‌కి అంటగట్టారు.

గట్టు_గోపన్న
లేదనలేదండీ. ఎస్టేటు బాట వేరు, టోపాత్ వేరు అన్నాను, అంతే. మొదటిదాంట్లోకి బయటివాళ్లని రానివ్వరు. రెండోదాంట్లో బార్జీ గుర్రం పోతుంటే డ్యూక్ అయినా పక్కకి జరగాలి.

కొత్తిమీర_కట్ట
డ్యూక్ ఎవరో, ఇల్లు ఎవరిదో ముందు ఎవరైనా నాలుగు ముక్కల్లో చెబుతారా. డైసార్ట్ అంటారు, లాడర్‌డేల్ అంటారు, టోల్‌మాష్ అంటారు. ముగ్గురూ పక్కపక్క ఇళ్లవాళ్లేమో అనుకుంటున్నా.

రాణీ_రాచకొండ
ఒక్క ఇంటివాళ్లే. 1610లో సర్ థామస్ వావసోర్ కట్టించాడు, మొదటి జేమ్స్ రాజు కొలువులో నైట్ మార్షల్. 1626లో విలియం మరే చేతికి వచ్చింది. ఈయన మొదటి చార్లెస్ చిన్ననాటి సావాసగాడు. రాజకుమారుడు తప్పు చేస్తే దెబ్బలు ఈయనకి పడేవని చెబుతారు. ఆ దెబ్బల ఫలం చివరికి డైసార్ట్ ఎర్ల్ పదవి రూపంలో దక్కింది. అది ఆయన కూతురు ఎలిజబెత్‌కి స్వయంగా సంక్రమించింది. ఆవిడ మొదటి భర్త లయనెల్ టోల్‌మాష్. ఆయన పోయాక 1672లో లాడర్‌డేల్‌ని పెళ్లాడింది. రెండో చార్లెస్ మంత్రులు ఐదుగురి పేర్ల మొదటి అక్షరాలతో పిలిచిన 'కబాల్' (CABAL) ముఠాలో చివరి అక్షరం ఆయనదే. ఇద్దరూ కలిసి 1672-74 మధ్య ఇంటిని దక్షిణం వైపు పెంచారు. లాడర్‌డేల్ 1682లో పోయాడు, ఆవిడ 1698లో. ఆస్తి మొదటి పెళ్లి పిల్లలకి, అంటే టోల్‌మాష్ వంశానికి వెళ్లింది. డైసార్ట్ ఎర్ల్‌లంటే వాళ్లే. 1948లో ఇంటిని పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చింది కూడా వాళ్లే.

గైడులో ఇంకో వంకర కూడా ఉంది. ఎస్టేటు ఆవిడది, డ్యూక్ వచ్చి చేరాడు. వేయించడమంటూ ఉంటే ఆవిడే వేయించాలి.

కొత్తిమీర_కట్ట
ఇల్లరికం డ్యూక్ అన్నమాట 😄

పటాల_పిచ్చి
మరి గోడ సంగతి?

సున్నం_బెల్లం
గోడ ఉండేది, గట్టిగానే ఉండేది. 18వ శతాబ్దంలో ఐదో ఎర్ల్ భార్య షార్లెట్ వాల్‌పోల్. అవతలి ఒడ్డున స్ట్రాబెరీ హిల్‌లో ఉండే రచయిత హొరేస్ వాల్‌పోల్‌కి అన్న కూతురు. ఆయన 1770లో ఒక ఉత్తరంలో హామ్ హౌస్ మీద విసుక్కున్నాడు. ఇంత పచ్చటి నది పక్కన ఉండి కూడా గోడలు, పెద్ద చెట్లు, గేట్లతో ఎంతగా బిగించేశారంటే, లోపలికి వెళ్తే వంద మైళ్ల దూరంలో, వందేళ్ల వెనక ఉన్నట్టుంటుందని.

ఐదో ఎర్ల్ 1799లో పోయాక తమ్ముడు విల్‌బ్రహమ్ ఆరో ఎర్ల్ అయ్యాడు. 1800 ప్రాంతంలో ముందరి గోడ తీసేసి హా-హా తవ్వించాడు. ఇంటివైపు నిలువు గోడ, బయటివైపు ఏటవాలుగా దిగే కందకం. ఇంట్లోంచి చూస్తే చూపు నేరుగా నది దాకా పోతుంది, పశువులు మాత్రం లోపలికి ఎక్కలేవు. టోపాత్ నుంచి చూసేవాళ్లకి కూడా ఇల్లు మొత్తం కనపడేది దీనివల్లే. ముందు ఆవరణలో పడుకున్న నదీ దేవుడి బొమ్మ కూడా ఈ మార్పుల నాటిదే. శిల్పి జాన్ బేకన్ అచ్చు, కోడ్ స్టోన్.

పటాల_పిచ్చి
కోడ్ స్టోన్ అంటే రాయి కాదు కదా? రెండు వందల ఏళ్లు దాటినా గడ్డం వెంట్రుకలు కూడా అరగలేదు.

సున్నం_బెల్లం
రాయి కాదు, కాల్చిన మట్టి. ఎలినార్ కోడ్ అనే ఆవిడ ల్యాంబెత్‌లో ఫ్యాక్టరీ నడిపింది. బంకమట్టిలో ముందే ఓసారి కాల్చి పొడి చేసిన మట్టి, చెకుముకి, ఇసుక, గాజు కలిపి అచ్చుల్లో ఒత్తి, బట్టీలో రోజుల తరబడి కాల్చేవాళ్లు. ముందే కాల్చిన పొడి ఉండటం వల్ల ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోవడం తక్కువ. అందుకే అంత పెద్ద బొమ్మ కూడా పగలదు. నీరు పీల్చదు కాబట్టి మంచుకి పొట్టు లేవదు. రిచ్‌మండ్ టెర్రస్ గార్డెన్స్‌లో ఇదే నమూనా ఇంకొకటి ఉంది. నడక రిచ్‌మండ్ నుంచి మొదలుపెడితే రెండూ చూసి పోల్చుకోవచ్చు.

లాకుల_లక్ష్మయ్య
దారి చరిత్ర అంటూ నీళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇప్పుడు హామ్ దగ్గర నది నిండుగా కనపడుతుంది. అది దేవుడిచ్చిన నిండు కాదు, 1894 నాటి యంత్రం ఇచ్చింది.

పాత లండన్ బ్రిడ్జికి ఇరుకైన కమానులు బోలెడు ఉండేవి. అది ఒక రకంగా ఆనకట్టలా పనిచేసేది. 1831లో దాన్ని కూల్చేశాక ఆటు సమయంలో నీళ్లు అడ్డులేకుండా దిగిపోవడం మొదలైంది. ట్విక్కెనామ్, రిచ్‌మండ్ దగ్గర ఆటు వేళ బురద, మధ్యలో సన్నటి పాయ మిగిలేవి. జనం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా రిచ్‌మండ్ దిగువన సగం-పోటు లాకు, వియర్ (తలుపులున్న అడ్డుకట్ట) కట్టారు. 1894 మే 19న అప్పటి యార్క్ డ్యూక్, తర్వాత ఐదో జార్జ్ అయినాయన, ప్రారంభించాడు.

పనిచేసే తీరు: మూడు ఉక్కు తలుపులు, ఒక్కోటి 66 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు, 32 టన్నుల పైచిలుకు బరువు. పోటు గరిష్ఠానికి చేరే ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు తలుపులు పైకి ఎత్తి ఉంచుతారు. పడవలు కిందనుంచి పోతాయి. మిగతా సమయమంతా దించేస్తారు, పడవలు పక్కనున్న లాకులోంచి పోవాలి, రుసుము ఉంటుంది. దాంతో రిచ్‌మండ్, ఎగువనున్న టెడింగ్టన్ మధ్య నీటిమట్టం ఆర్డినెన్స్ డేటమ్ (బ్రిటన్‌లో ఎత్తులు కొలిచే సముద్ర మట్టం) పైన 1.72 మీటర్లకి, అంటే సగం పోటు మట్టానికి, తగ్గదు. పెరగడం మాత్రం పోటుతో పాటు పెరుగుతుంది.

సీల_బోల్టు
ఆ తలుపులు స్టోనీ గేట్లు. మన దగ్గర సివిల్ చదివినవాళ్లకి ఇరిగేషన్ సబ్జెక్టులో ఈ పేరు తగిలే ఉంటుంది. ఎఫ్.జి.ఎం. స్టోనీ పద్ధతి. మామూలు తలుపైతే నీటి ఒత్తిడికి గాడికేసి నొక్కుకుపోతుంది, ఎత్తాలంటే రాపిడి విపరీతం. ఈయన తలుపుకీ గాడికీ మధ్య విడిగా వేలాడే రోలర్ల వరస పెట్టాడు. దాంతోపాటు ఎదురు బరువులు. కాబట్టి 32 టన్నుల తలుపు కూడా తక్కువ బలంతో లేస్తుంది. రిచ్‌మండ్‌లో ఇంకో తమాషా ఉంది. పైకెత్తాక తలుపు నిలువుగా ఉంటే నది చూపు చెడుతుందని, అడ్డంగా తిరిగి రెండు కాలిబాట వంతెనల మధ్య దాక్కునేలా చేశారు. ఆ వంతెన దాటడానికి ఒకప్పుడు పెన్నీ టోల్ ఉండేది, టోల్ గదులు ఇప్పటికీ కనపడతాయి.

నడక_నాగమణి
చరిత్ర బాగుంది, నేను బూట్ల సంగతి చెబుతా. పోటు చూసుకోకుండా ఈ దారి పట్టొద్దు. టెడింగ్టన్ దాకా నదికి పోటు తగులుతుంది. పౌర్ణమి, అమావాస్యలు పోయిన ఒకటి రెండు రోజులకి వచ్చే పెద్ద పోట్లలో హామ్ హౌస్ దగ్గర టోపాత్ మీదికి నీళ్లు వస్తాయి. హామ్ స్ట్రీట్ చివర నది పక్కనున్న కార్ పార్కింగ్ కూడా మునుగుతుంది. బోర్డు ఉన్నా చూడకుండా కారు పెట్టి, తిరిగొచ్చేసరికి చక్రాలు నీళ్లలో ఉన్నవాళ్ల ఫొటోలు ఏటా వస్తాయి.

లెక్క ఇలా చూసుకోండి. పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పోటు పట్టికలో లండన్ బ్రిడ్జి గరిష్ఠ సమయం తీసుకోండి. రిచ్‌మండ్‌కి సుమారు ఒక గంట కలపండి. పట్టిక జీఎంటీలో ఉంటే వేసవిలో ఇంకో గంట కలపాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఆ సమయానికి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా గట్టు మీద ఉండకుండా చూసుకుంటే చాలు. పైన వానలు బాగా పడి టెడింగ్టన్ వియర్ మీదుగా ఎక్కువ నీరు దిగుతుంటే ఆ గంటన్నర సరిపోదు, ఆ రోజు వేరే దారి చూసుకోండి.

కొత్తిమీర_కట్ట
పంచాంగం పట్టుకుని థేమ్స్ నడకకి పోవాలన్నమాట. అమ్మమ్మకి చెబితే సంతోషిస్తుంది.

లాకుల_లక్ష్మయ్య
నవ్వులాటకే అన్నా పంచాంగం పనికొస్తుంది. లండన్ బ్రిడ్జి దగ్గర పెద్ద పోట్లు ఎప్పుడూ దాదాపు ఒకే వేళకి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, మళ్లీ తెల్లవారుజామున ఆ గంటల్లోనే వస్తాయి. హామ్ దగ్గరికి వచ్చేసరికి మూడు, ఐదు మధ్య. ఆదివారం భోజనం చేసి బయల్దేరేవాళ్లు సరిగ్గా దానికే ఎదురెళ్తారు. పౌర్ణమి వారంలో పొద్దున్నే నడిచేస్తే గొడవే లేదు.

పటాల_పిచ్చి
దిగువన ఉప్పెనల్ని ఆపే థేమ్స్ బ్యారియర్ గేట్లు ఉన్నాయి కదా, మునగనివ్వడం ఏంటి?

లాకుల_లక్ష్మయ్య
ప్రతి పెద్ద పోటుకీ బ్యారియర్ మూయరు. ఇళ్లకి ప్రమాదం ఉన్నప్పుడు, సముద్రం నుంచి ఉప్పెన తోసుకొస్తున్నప్పుడు, లేదా ఎగువ వరదతో పోటు కలిసి పశ్చిమ లండన్‌ని ముంచేలా ఉన్నప్పుడు మూస్తారు. గట్టు మీద అరడుగు నీరు అసలు వరద లెక్కలోకే రాదు. అక్కడి పచ్చిక మైదానాలు మునగడానికే ఉన్నవి.

వకీలు_సాబ్
అపార్ట్‌మెంట్ల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. అసలు కథంతా అదే. 1902లో పార్లమెంటు 'రిచ్‌మండ్, పీటర్‌షామ్ అండ్ హామ్ ఓపెన్ స్పేసెస్ యాక్ట్' చేసింది. రిచ్‌మండ్ హిల్ మీంచి కనపడే నది చూపుని కాపాడటానికి చేసిన చట్టం. ఇంగ్లండ్‌లో ఒక దృశ్యం కోసం ప్రత్యేకంగా పార్లమెంటు చట్టం ఉన్నది ఇదొక్కటే.

అది ఊరికే రాలేదు. 1890ల్లో నాలుగు వైపుల నుంచీ ముప్పు వచ్చింది. 1896లో డైసార్ట్ ఎర్ల్ హామ్, పీటర్‌షామ్ భూముల మీద, కాలిబాటల మీద ఒక బిల్లు తెచ్చాడు, పార్లమెంటు కొట్టేసింది. నది మధ్యలో గ్లోవర్స్ ఐలండ్ అనే చిన్న లంక వేలానికి వచ్చింది, సబ్బు ప్రకటన బోర్డు పెడతారని గగ్గోలు లేచింది. 1900లో మాక్స్ వెక్టర్ కొని రిచ్‌మండ్ పురపాలక సంస్థకి ఇచ్చేశాడు. అవతలి ఒడ్డున మార్బుల్ హిల్‌ని 1898లో కునార్డ్ కుటుంబం కొని ఇళ్ల స్థలాలకి రోడ్లు వేయడం మొదలుపెట్టింది. దాన్ని చందాలు, ప్రజాధనం కలిపి 1902లో కొనేశారు, 1903లో పార్కుగా తెరిచారు.

రాణీ_రాచకొండ
డైసార్ట్ వాళ్లని విలన్లు చేస్తున్నారు. వాళ్లు అప్పటిదాకా రెండు వందల ఏళ్లకి పైగా ఆ భూముల్ని ముక్కలు చేసి అమ్మకుండా పట్టుకున్నారు. లేకపోతే కాపాడటానికి 1902 నాటికి ఏం మిగిలేది?

వకీలు_సాబ్
విలన్ అనలేదు మేడమ్, బేరగాడు అంటాను. 1902 చట్టంలో ఆయన దానం ఏమీ చేయలేదు. హామ్ కామన్, పీటర్‌షామ్ మెడోస్, నది అంచు భూములు ప్రజా సంస్థలకి వదిలాడు. బదులుగా హామ్‌లోని లామస్ భూముల మీద ఊరివాళ్లకి ఉన్న హక్కులు రద్దయ్యాయి. లామస్ అంటే ఆగస్టు 1. కోతలయ్యాక ఆ రోజు నుంచి ఊళ్లో హక్కుదారులందరి పశువులూ ఆ పొలాల్లో మేయొచ్చు. ఆ హక్కు ఉన్నంతకాలం కంచె వేయడానికి లేదు, తవ్వడానికి లేదు, కట్టడానికి లేదు. హక్కు పోయాక భూమి పూర్తిగా ఎర్ల్ చేతికొచ్చింది. కొండ మీంచి కనపడే భాగం మిగిలింది, కనపడని భాగం పోయింది.

మట్టి_మనిషి
పోయింది అన్న మాట అక్షరాలా నిజం. హామ్ హౌస్ దాటి టెడింగ్టన్ వైపు వెళ్లేటప్పుడు ఎడమచేతి పక్క హామ్ ల్యాండ్స్ వస్తుంది. అక్కడ 20వ శతాబ్దం మొదటి సగంలో కంకర తవ్వేశారు. గోతుల్ని రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి కూలిన లండన్ ఇళ్ల శిథిలాలతో పూడ్చారు. మిగిలిన ఒక గొయ్యి ఇప్పుడు థేమ్స్ యంగ్ మారినర్స్ చెరువు. దానికీ నదికీ మధ్య చిన్న లాకు ఉంది, కంకర బార్జీల కోసం పెట్టింది.

ఆ శిథిలాల పూడిక వల్ల ఒక వింత జరిగింది. పాత నది మట్టి ఉన్నచోట ఒక రకం మొక్కలు, ఇటుక ముక్కలు, సున్నం ఉన్నచోట పూర్తిగా వేరే రకం. పది అడుగులకో నేల మారుతుంది. అందుకే అక్కడ అడవి పూల రకాలు అన్ని. పేరుకి ప్రకృతి రిజర్వు, కింద ఉన్నది బ్లిట్జ్ (యుద్ధకాలపు జర్మన్ బాంబు దాడుల) చెత్త.

పటాల_పిచ్చి
అంటే హామ్ హౌస్ ముందు భాగం 17వ శతాబ్దం, పక్కనే నడిచే పచ్చిక 1950లు. గైడులో ఈ రెండోది "ఆదిమ వనం" అని ఉంది 🤦

రాణీ_రాచకొండ
ఆ మాటకొస్తే ఇంటి వెనక తోట కూడా ఇప్పుడు కనపడే రూపంలో పాతది కాదు. 17వ శతాబ్దపు ప్లాన్లు చూసుకుని 1975 నుంచి తిరిగి వేశారు. నది దారి నుంచి చెట్ల మధ్యగా కనపడే చూపుల్ని కూడా చాలాకాలం పొదలు మింగేశాయి. 1994లో కిమ్ విల్కీ రాసిన థేమ్స్ ల్యాండ్‌స్కేప్ స్ట్రాటజీ వచ్చాకే హాంప్టన్ నుంచి క్యూ దాకా ఇలాంటి చూపుల్ని ఒక్కొక్కటే తెరిచారు.

సీల_బోల్టు
పడవ రేవు కేసు చెప్పకుండా వకీలు సాబ్ ఎలా ఊరుకున్నారు?

వకీలు_సాబ్
అడుగుతారని ఆగాను. హామ్ హౌస్ దగ్గర ట్విక్కెనామ్ రేవు తరతరాలుగా డైసార్ట్ వాళ్ల హక్కు. మార్బుల్ హిల్ పార్కు తెరిచాక వాల్టర్ హామర్టన్ 1909లో దానికి కాస్త దిగువన, పార్కు ఎదురుగా, 12 మంది పట్టే పడవతో పెన్నీకి మనుషుల్ని దాటించడం మొదలుపెట్టాడు. 1913లో ఎర్ల్, ఆయన రేవు కౌలుదారు కలిసి కేసు వేశారు. మొదటి కోర్టులో హామర్టన్ గెలిచాడు, అప్పీల్ కోర్టులో ఎర్ల్ గెలిచాడు, 1915లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో హామర్టన్ గెలిచాడు.

వాదనలో కీలకం ఇది. రేవు గుత్తహక్కు అంటే నది పొడవునా ఇంకెవరూ మనిషిని దాటించకూడదని కాదు, ఫలానా చోటు నుంచి ఫలానా చోటుకి వెళ్లే రాకపోకల మీద హక్కు. కొత్త పార్కు వల్ల కొత్త రాకపోక పుట్టింది. దానికి కొత్త పడవ పెడితే పాత హక్కుకి భంగం కాదు. రేవు హక్కుల విషయంలో ఈ తీర్పుని ఇప్పటికీ ఎత్తి చూపిస్తారు. హామర్టన్ రేవు ఇంకా నడుస్తోంది. గుత్త ఉన్న పాత రేవు మూతపడింది.

నడక_నాగమణి
పడవకి ఒక సూచన: హామ్ వైపు దిగే మెట్లు ఆటు వేళ జారుడుగా ఉంటాయి. పోటు మరీ ఎక్కువున్నా నడపరు. చలికాలంలో వారాంతాల్లోనే, అదీ వాతావరణం బాగుంటేనే. పడవ మీద ఆధారపడి ప్లాన్ వేసుకుంటే తిరిగి రిచ్‌మండ్ వంతెన చుట్టూ రావాల్సి ఉంటుంది. అదో గంట.

గట్టు_గోపన్న
అవతలి ఒడ్డుకి దాటేవాళ్లు యార్క్ హౌస్ తోట చూడండి. మార్బుల్ హిల్ నుంచి ట్విక్కెనామ్ వైపు నడిస్తే అర మైలు పైన. 1906లో సర్ రతన్ టాటా కొన్నాడు. నది పక్క తోటలో నీళ్ల గుట్ట మీద తెల్లటి పాలరాతి అప్సరసలు ఉంటారు, అవి ఆయన కొని పెట్టించినవే. విట్టకర్ రైట్ అనే ఫైనాన్షియర్ దివాలా తీసి చచ్చిపోయాక అతని ఎస్టేటు నుంచి అమ్మకానికి వచ్చిన బొమ్మలు.

కొత్తిమీర_కట్ట
రతన్ టాటా 1906లోనా? ఆయన 2024లో కదా పోయింది??

గట్టు_గోపన్న
ఆయన వేరు, ఈయన వేరు బాబూ. సర్ రతన్ టాటా (1871-1918) జంషెడ్జీ చిన్న కొడుకు. పాటలీపుత్రం తవ్వకాలకి డబ్బిచ్చినాయన. పిల్లల్లేరు. ఆయన పోయాక భార్య నవాజ్‌బాయి దత్తత తీసుకున్న నావల్ టాటా కొడుకే మీరనుకునే రతన్ టాటా.

మట్టి_మనిషి
టెడింగ్టన్ దాకా వెళ్లేవాళ్లు లాకుకి 265 గజాల ముందు గట్టు మీదున్న రాతి స్తంభం చూడకుండా పోకండి. చాలామంది సమాధి రాయి అనుకుని దాటేస్తారు. 1909లో పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పుట్టినప్పుడు, దిగువ దాని పరిధి, ఎగువ థేమ్స్ కన్సర్వెన్సీ పరిధి అని పాతిన హద్దురాయి. లాకు మొదట 1811లో వచ్చింది. ఇప్పుడున్న వాటిలో పెద్దది 1904 నాటి బార్జీ లాకు, 650 అడుగులు. టగ్గు, దాని వెనక బార్జీల వరస మొత్తం ఒకేసారి పట్టేలా కట్టారు. పక్కనే సన్నటి పడవల లాకు ఉంది, దాన్ని శవపేటిక అని పిలుస్తారు. ఆకారం చూస్తే తెలుస్తుంది.

పటాల_పిచ్చి
గైడు దిద్దుతున్నా. ఇలా రాస్తే సరేనా: "హామ్ హౌస్ 1610. చెట్ల బాటలు 17వ శతాబ్దం. ముందరి హా-హా 1800 ప్రాంతం. నది గట్టు దారి 18వ శతాబ్దం చివర్లో బార్జీ గుర్రాల కోసం లండన్ సిటీ వేయించింది. నీటిమట్టం 1894 నుంచి. తీరం ఖాళీగా ఉండటం 1902 చట్టం వల్ల. థేమ్స్ పాత్ జాతీయ నడకదారిగా 1996."

రాణీ_రాచకొండ
"ఎలిజబెత్, డైసార్ట్ కౌంటెస్" అన్న పేరు పెట్టండి, డ్యూక్ పేరు బ్రాకెట్లో వేయండి. మిగతాది బాగుంది.

నడక_నాగమణి
కింద ఇదీ కలపండి: రిచ్‌మండ్ నుంచి పీటర్‌షామ్ మెడోస్ దాకా దారి గట్టిగా ఉంటుంది, తర్వాత కంకర, వానకి గుంటలు. పిల్లల బండి వెడల్పు చక్రాలదైతేనే తీసుకెళ్లండి. వీధి దీపాలు లేవు. సైకిళ్లు వస్తాయి, గుంపుగా అడ్డంగా నడవొద్దు. అలసిపోతే పీటర్‌షామ్ రోడ్డు మీదికి వచ్చి 65 నంబరు బస్సు ఎక్కొచ్చు.

సీల_బోల్టు
శరదృతువులో వియర్ తలుపులు మరమ్మతు కోసం కొన్ని వారాలు ఎత్తేసి ఉంచుతారు కదా, అప్పుడు ఆటు వేళ నది అడుగు బయటపడుతుంది. 1894కి ముందు ఎలా ఉండేదో అప్పుడు చూడొచ్చు. కిందికి దిగి నడవనిస్తారా?

లాకుల_లక్ష్మయ్య
గట్టు మీంచి చూడండి చాలు. ట్విక్కెనామ్, రిచ్‌మండ్ దగ్గర కొన్నిచోట్ల గులకరాళ్లు గట్టిగానే ఉంటాయి, రెండడుగులు పక్కకేస్తే మోకాలి లోతు బురద. పోటు తిరిగితే అనుకున్న దానికన్నా వేగంగా వస్తుంది. వస్తువులు వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి, ఊరికే కర్రతో కెలికినా అది వెతకడం కిందికే వస్తుంది. మూడు వందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే పర్మిట్ ఉన్నవాళ్లు కూడా రిపోర్టు చేయాలి.

కొత్తిమీర_కట్ట
లాడర్‌డేల్ గారి ఉంగరం దొరికితే జేబులో వేసుకుందామనుకున్నా. పోనీలెండి, 65 బస్సెక్కుతా.